ఇంటి నుంచి తెచ్చిన పాట

మిట్టేమరి
12-11-1961

చెల్లెలు యశోదమ్మకు మిట్టేమరి నుంచి అక్క రామలక్ష్మమ్మ రాసుకునేది.

కవరు చూసి గుండె పట్టుకోవద్దు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. కార్డు మీద రాస్తే పోస్టు అంజినప్ప నాలుగు అరుగుల మీద కూర్చుని అందరికీ చదివి వినిపించాకే బస్సులో వేస్తాడు. అందుకని కవరు కొన్నాను.

సులోచనను నీ దగ్గర వదిలి ఐదు నెలలైంది. తలకు నూనె పెడుతున్నావా? దానికి చెవిపోటు ఉంది, చలిగాలిలో తిప్పొద్దు. బడికి పోయే దారిలో బస్సులు నిలిచే చోటు దాటాలట కదా, చేయి పట్టుకొని దాటించేది ఎవరు? ఇవన్నీ ఒక పక్క. అసలు సంగతి చెప్పు, బిడ్డ నోరు విప్పిందా? నా కొడుకు చెన్నరాయప్ప కామెర్లతో పోయి రెండేళ్ళు కావస్తోంది. అప్పుడు దానికి ఆరేళ్ళు. ఆ రోజు నుంచి మాట మింగేసింది. ఏమడిగినా ఊఁ, లేదంటే ఊహూఁ. కన్నతల్లి మునిరత్న అడిగినా అంతే, నేను అడిగినా అంతే. ఊరు మారితే బిడ్డ మారుతుందని నువ్వు అన్నావు, సరే అన్నాను. పంపిన నాటి నుంచి నాకు కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ ఉంటోంది.

మొన్న నీ ఇంటాయన నరసింహప్ప శెనక్కాయల బేరానికి వచ్చి, "మీ మనవరాలు ఇస్కూల్లో సంగీతం కలాసులో కూచుంటాండాది వదినా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాటే రాని పిల్లకు సంగీతమా? వద్దని చెప్పేవాళ్ళు లేరా అక్కడ? గొంతు ఎక్కువ వాడితే పోతుందంటారు. ఆ ఊఁ, ఊహూఁ కూడా పోతే ఏం చేయను? ఆడపిల్ల నలుగురి ముందూ నిలబడి పాడితే రేపు ఎవరేమంటారో. నువ్వు ధైర్యం కలదానివి, నీకు ఇవి తోచవు.

మునిరత్న పక్కనే కూర్చుని, ఏం రాస్తున్నానో చదివి చెప్పమంటోంది. సగమే చెప్పాను.

నీ అక్క


చింతామణి
20-11-1961

అక్కకు యశోద నమస్కారాలు.

నీ కవరు చేరింది. అందులో ఎన్ని ప్రశ్నలున్నాయో ఆయన లెక్కపెట్టి, "మీ అక్కను తాలూకా కచేరీలో కూచోబెడితే అమల్దారు లేచి పోతాడు" అన్నారు. నూనె పెడుతున్నాను. చెవిలో దూది పెడుతున్నాను. బస్సుల దగ్గర చేయి పట్టుకునేది నేనే. చాలా?

ఇక సంగీతం సంగతి విను. మంగళవారం, శుక్రవారం, చివరి గంట. మేష్ట్రు పేరు శంకరనారాయణ, శివమొగ్గ పక్క మనిషి. కన్నడం తప్ప రాదు. తెలుగు మాట్లాడితే సగం అర్థమవుతుంది, చదవడం అసలు రాదు. పిల్లలంతా వరండాలో గోనెపట్టాల మీద కూర్చుంటారు. ఒక పిల్ల శ్రుతిపెట్టె ఊదుతుంది. గొంతు కలవని వాళ్ళను మేష్ట్రు తిట్టడు, చేతికి తాళాలిచ్చి వెనక కూర్చోబెడతాడు. మన పిల్లకు మొదటి నెలంతా తాళాలే.

పది రోజుల కిందట శుక్రవారం ఆయన ఒక పని చెప్పాడు. అందరూ ఇంటి నుంచి ఒక పాట తేవాలట. సినిమాది కూడదు, రేడియోది కూడదు, ఇంట్లో మనుషులు పాడుకునేదే తేవాలి. మంగళవారం నేను పిల్లను తీసుకురావడానికి కాస్త ముందే పోయాను. ఒకడు వాళ్ళ నాయన సంతలో పట్టుగూళ్ళు వేలం వేసే కూతను రాగంతో సహా తెచ్చాడు. మేష్ట్రు పడి పడి నవ్వాడు. ఒకతె వాళ్ళమ్మ మేకలను పిలిచేది తెచ్చింది. ఆ తర్వాత ఎవరూ పిలవకుండానే మన సులోచన లేచింది. తాళాలు కింద పెట్టింది. కళ్ళు మూసుకుని తీసింది అక్కా. మాటల్లేవు, ఉత్త వరస. ముప్ఫై మంది పిల్లలూ దానివైపు తిరిగి విన్నారు. మేష్ట్రు దాని చేత మూడుసార్లు పాడించుకొని పుస్తకంలో ఏదో గీసుకున్నాడు.

ఫిబ్రవరిలో స్కూల్ డే. చిక్కబళ్ళాపురం నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన్ను స్వాగతించే పాటకు ఈ వరసే పెట్టి, కన్నడంలో మాటలు రాస్తాడట మేష్ట్రు. ముందు నిలబడి అందుకునేది సులోచన, మిగతా పిల్లలు వెనక అంటారు.

అది ఏ పాటో నాకు సరిగా వినపడలేదు, దూరంగా ఉన్నాను. నువ్వు మాత్రం దిగులు మాని కడుపునిండా తిను.

యశోద


మిట్టేమరి
27-11-1961

యశోదకు అక్క రాసేది.

నీ ఉత్తరం మునిరత్నకు మూడుసార్లు చదివాను. "నా బిడ్డ లేసి నిలబడిందా? దానంతట అదేనా?" అని నాలుగోసారి చదివించుకుంది. దాని ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్ళైందో. అది చూస్తే సంతోషమే. కానీ నాకు ఒకచోట ముల్లు గుచ్చుకుంది.

ఇంటి నుంచి తెచ్చిన పాట అన్నావు. మన ఇంట్లో పాట ఎక్కడిది? మునిరత్న పాడదు. నేను పాడను. నాట్లప్పుడు కూలి ఆడవాళ్ళు పాడతారు, అది మేష్ట్రు మెచ్చే రకం కాదు. గొబ్బిపాట ఒకటి మన అమ్మకు వచ్చేది, అది ఆమెతోటే పోయింది. మరి పిల్ల ఏం పాడింది? ఎక్కడ నేర్చింది? ఎవరైనా రాకూడనివాళ్ళు ఇంటికి వచ్చి పోతున్నారా? పిల్లను అడిగి, అది చెప్పినది చెప్పినట్టు రాయి.

పుష్యమాసం చివర ఎనిమిది గ్రహాలు ఒకే ఇంట్లో చేరతాయట, లోకానికి గండమట. విన్నావా? స్కూల్ డే ఏ తేదీ అన్నావు?

రామలక్ష్మమ్మ


చింతామణి
8-12-1961

అక్కకు.

రాకూడనివాళ్ళు ఎవరూ రాలేదు. నీ మాట మీద పిల్లను అన్నం దగ్గర కూర్చోబెట్టి అడిగాను. చెప్పినది చెప్పినట్టు రాయమన్నావు, రాస్తున్నాను.

"ఏం పాటే అది?"

"అవ్వ పాట."

"మీ అవ్వ ఎప్పుడు పాడిందే?"

"రాగులు ఇసిరేటప్పుడు."

"మాటలేవి మరి?"

"మాటల్లేవు చిన్నవ్వా. ఊఁ ఊఁ అంటాది. రాయి తిరిగినంతసేపూ అంటాది. నేను దుప్పట్లో ఉండి చెవి పెట్టి ఇంటాంటి. రాయి ఆపితే అదీ ఆగిపోతాది. ఒగదినం రాయి ఆపినంక గూడా అనె."

అక్కా, ఈ పిల్ల నా ఇంటికి వచ్చిన తర్వాత ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలు చెప్పడం ఇదే మొదలు.

మేష్ట్రు మాటలు రాసేశాడు. రండి, పెద్దలారా రండి అని కన్నడంలో. మంచి నడకలో పెట్టాడు, వెనక తాళాలు కూడా ఉన్నాయి. వింటే రాగులు విసిరే పాటంటే ఎవరూ నమ్మరు. స్కూల్ డే ఫిబ్రవరి మూడు, శనివారం.

యశోద


మిట్టేమరి
14-12-1961

యశోదా,

ఇది చదివి పొయ్యిలో వెయ్యి. మీ ఆయనకు కూడా చూపించొద్దు.

అది రాగుల పాట కాదు. శోకం వరస. చావు ఇంట్లో ఆడవాళ్ళం తీసే శోకం. నీకు అర్థమైందా ఏం జరిగిందో?

చెన్నరాయప్పను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు నువ్వు వచ్చే సరికి మధ్యాహ్నమైంది, పొద్దుటి సంగతి నీకు తెలియదు. శోకం ఎత్తుకోవడానికి అక్కయమ్మ వచ్చింది. మన ఊళ్ళో ఎవరు పోయినా ఎత్తుకునేది ఆమే కదా. "యాడికి పోతివి నాయనా, ఎండన బడి పోతివా" అని ఆమె తీసింది. తర్వాతి మాట తల్లి అందుకోవాలి. నాకు నోరు రాలేదు. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ఆమె మూడుసార్లు తీసి నా ముఖం చూసి, వేరేవాళ్ళ చేత అందించింది. తల్లి కళ్ళు తడవలేదని ఊరంతా అనుకున్నారు. అనుకోరా మరి?

పదకొండో రోజు ఇల్లు అలికి, గడపకు పసుపు పెట్టిన తర్వాత ఆ వరస ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తితే ఇంకొకరిని పిలిచినట్టే. ఇది నాకు తెలుసు, నీకూ తెలుసు. నెల తర్వాత ఒక పొద్దు రాగులు విసురుతుంటే అది నా నోటి నుంచి దానంతట అదే వచ్చింది. మాటలు రాలేదు, వరసే వచ్చింది. ఆపాలని చూశాను. రాయి తిప్పినంతసేపూ వచ్చింది. మరునాడూ వచ్చింది. రాయి చప్పుడులో ఎవరికీ వినపడదులే అనుకున్నాను. పసిబిడ్డ దుప్పటి కింద చెవులు తెరుచుకుని పడుకుంది, నాకేం తెలుసు?

ఇప్పుడు ముప్ఫై మంది ఇళ్ళ బిడ్డలు తాళాలు వేసుకుంటూ అదే వరస పాడతారు. ఆ ఇన్‌స్పెక్టరు ఎవరో, ఆయనకు పిల్లలెంతమందో. శోకంతో ఎదురొచ్చి పిలుస్తారా మనిషిని? ఆ ముప్ఫై మందిలో ఒక్కరికి ఒళ్ళు కాలినా ఆ పాపం నాది. అదీ సరిగ్గా ఎనిమిది గ్రహాలు చేరే రోజుల్లోనా? ఇంకో రోజే దొరకలేదా?

వెంటనే పోయి మేష్ట్రుతో చెప్పి ఆపించు. వేరే పాట పెట్టుకోమను. నేను రాగులు విసరడం మానేశాను. మునిరత్న విసురుతోంది.

రామలక్ష్మమ్మ


చింతామణి
2-1-1962

అక్కకు యశోద.

ఉత్తరం పొయ్యిలో వేశాను. జవాబు ఆలస్యమైంది, కారణముంది. అన్నీ చెబుతాను, తిట్టాలంటే చివరిదాకా చదివి తిట్టు.

మొదటిది. నేను దూరంగా లేను. స్తంభం పక్కనే ఉన్నాను. పిల్ల రెండో విరుపు తీసేసరికే గుర్తుపట్టాను. నీకు రాస్తే ఇలాగే అంటావని రాయలేదు.

రెండోది. నీ మాట కాదనలేక ఒక శుక్రవారం పిల్లను బడి మాన్పించాను. "ఈ పూట వద్దులే, ఇంట్లో ఉండు" అన్నాను. ఎందుకని అడగలేదు. ఏడవలేదు. పలక సంచిని మేకుకు తగిలించి తలుపు వెనక కూర్చుంది. శనివారం మాట లేదు, ఆదివారం లేదు, సోమవారం లేదు. ఊఁ కూడా లేదక్కా. నువ్వు జూన్‌లో తెచ్చి నా చేతిలో పెట్టిన పిల్లే మళ్ళీ. మంగళవారం నేనే ఎత్తుకున్నంత పని చేసి బడిలో దింపాను. సాయంత్రం దారిలో దానంతట అదే అంది, "చిన్నవ్వా, శ్రుతిపెట్టెకు బొక్క పడింది. మేష్ట్రు అన్నం మెతుకులతో కాగితం అంటిచ్చె."

అన్నం మెతుకుల సంగతి విని దారిలో ఏడ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మూడోది. మేష్ట్రుతో చెబుదామని వరండా దాకా పోయాను. ఆయన శ్రుతిపెట్టె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. వచ్చీ రాని తెలుగులో, "అమ్మా, మీ అక్కగారికి చెప్పండి. రాగి బీసేవాళ్ళు ఇంత చెన్నాగి పాడతారని నాకు తెలియదు. నాకు పదునాలుగు వర్షం సర్వీసు. పిల్లలు ఎవ్వరూ ఇంత మంచిది తేలేదు" అన్నాడు. ఆయన భాషలో బీసేదంటే విసరడం, చెన్నాగి అంటే బాగా, వర్షమంటే ఏడాది. పిల్ల ఆయన పక్కనే ఉండి నా ముఖం చూస్తోంది. నాకు నోరు రాలేదు. నోరు రాకపోవడం మన ఇంటి ఆడవాళ్ళ రోగం కాబోలు.

కాబట్టి నేను చెప్పను. పెద్దదానివి, బిడ్డ నీ బిడ్డ. ఆపాలంటే నువ్వే వచ్చి ఆపు. ఆపిన తర్వాత అది తలుపు వెనక కూర్చుంటే ఏం చేయాలో కూడా నువ్వే చెప్పు.

గ్రహాల రోజుల్లో పిల్లలను పంపేది లేదని చాలా ఇళ్ళవాళ్ళు అన్నారట. స్కూల్ డేను పదో తేదీ శనివారానికి మార్చారు. నీకు అంతమాత్రం ఊరట.

యశోద


మిట్టేమరి
7-2-1962

యశోదకు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఐదుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. గ్రహాలు చేరాయి, విడిపోయాయి. ఊళ్ళో భజనలు చేశారు, హోమం చేశారు. ఆ రెండు రోజులూ మేము ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేదు. ఏమీ కాలేదు. అందుకే నాకు ఇంకా భయం. రావలసిన గండం రాకపోతే ఎక్కడికి పోయినట్టు? పదో తేదీ కోసం కాచుకుని ఉందేమో.

ఉండబట్టలేక అక్కయమ్మ ఇంటికి పోయాను. పేర్లు చెప్పకుండా అడిగాను.

"అక్కయమ్మా, చావు లేని తావులో శోకం ఎత్తుకుంటే ఏమయితాది?"

ఆమె చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తలేదు. "ఏమయితాదా? పిలిచినారేమో అని అది తిరిగి చూస్తాది" అంది. తర్వాత కత్తి పక్కన పెట్టి, "ఎవురే ఎత్తుకున్నేది?" అంది.

"ఎవురూ లేదు. ఊరికే అడిగితిని."

"ఊరికే అడిగే మాటా ఇది? ఆ పొద్దు నోరు తెరవకపోతివి, ఇప్పుడేమి వచ్చె?"

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఆపాలి యశోదా. బిడ్డ మాట్లాడకపోయినా బతికి ఉంటే చాలు. మాట్లాడకుండా ఉన్నవాళ్ళు లోకంలో ఎంతమంది లేరు? ఇలా రాస్తున్నాను కానీ, తలుపు వెనక కూర్చుందన్నావే, ఆ ముక్క చదివినప్పుడల్లా కాగితం మడిచి పక్కన పెడుతున్నాను.

నేను రాను. ఆ వరస వింటే, అప్పుడు రానిది సభలో అందరి ముందూ వస్తుందేమో. అప్పుడు మీ పరువేం కాను? మునిరత్నను పంపిస్తున్నాను, బిడ్డను చూసి కూడా నెలలైంది కదా. మేష్ట్రుకు ఇవ్వమని దాని చేతికి ఒక కాగితం ఇస్తున్నాను. అందులో ఏముందో దానికి చెప్పలేదు. ఆ వరస సంగతి దానికి తెలియదు, తెలిస్తే బెంగపడుతుంది. ఈ కవరు ముందుగా నీకు చేరుతుంది. కాగితం మేష్ట్రు చేతికి చేరేలా నువ్వు చూడు.

రామలక్ష్మమ్మ


మిట్టేమరి
9-2-1962

మేష్ట్రు శంకరనారాయణ గారికి, మూడో తరగతి చదివే సులోచన అవ్వ రామలక్ష్మమ్మ దండాలు పెట్టి రాసేది.

అయ్యా, నాకు చదువు తక్కువ, తప్పులుంటే క్షమించాలి. మా పిల్ల మీకు తెచ్చిన పాట మంచి పాట కాదు. దాన్ని శుభం జరిగే చోట పాడకూడదు. తప్పు పిల్లది కాదు, నాది. దయచేసి ఆపించండి. పెద్దవాళ్ళు వచ్చే సభ, నలుగురి బిడ్డలు.

కానీ అయ్యా, పిల్లను కోప్పడకండి. దాన్ని మళ్ళీ వెనక కూర్చోబెట్టకండి. దానికి వేరే పాట ఏదైనా ఇచ్చి ముందరే నిలబెట్టండి. మీకు పుణ్యముంటుంది. మీరు భోజనం వేళకు తింటారా? గొంతుతో పని కదా, నెయ్యి వాడండి.

రామలక్ష్మమ్మ


చింతామణి
12-2-1962

అక్కకు యశోద.

నీ కవరు ఈ రోజు చేరింది. ముందుగా చేరుతుందని అందులోనే రాశావు. అన్నీ అయిపోయిన తర్వాత చేరింది. ఏం జరిగిందో వరసగా చెబుతాను.

మునిరత్న శనివారం మధ్యాహ్నం దిగింది. కాగితం మాట నాతో అనలేదు. బిడ్డకు తల దువ్వింది, జడకు రిబ్బను కట్టింది. సాయంత్రం బడికి పోతే నన్ను ముందు వరసకు పొమ్మని, తను అందరికన్నా వెనక, గోడ పక్కన కూర్చుంది. బొట్టు లేని మనిషి ముందు కూర్చుంటే బాగుండదట. నేనూ పోయి దాని పక్కనే కూర్చున్నాను. అక్కడంతా ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మలు, అవ్వలు.

ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు. తెర తీశారు. మన సులోచన ముందు, ముప్ఫై మంది వెనక. శ్రుతిపెట్టె మొదలైంది. పిల్ల ఎత్తుకుంది.

మొదటి విరుపు ఎవరికీ తెలియలేదు. రెండో విరుపుకు మా చుట్టూ ఉన్న అవ్వలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. మా ముందు జంగమకోటె నుంచి వచ్చిన అవ్వ ఒకతె, "ఏమమ్మా ఇది! ఈ వరస ఈడ పాడిస్తాండారు, వీళ్ళకు మతి ఉండాదా?" అని గట్టిగానే అంది. ఆమె మనవడు వెనక వరసలో తాళాలు వేస్తున్నాడు. వాణ్ణి లాక్కొచ్చేయాలని లేచింది. ఆమె లేస్తే ఇంకా పదిమంది లేచేవాళ్ళు. పాట అక్కడే తెగిపోతుంది, పిల్ల చూస్తుంది అనుకున్నాను.

మునిరత్న ఆమె చేయి పట్టుకుంది. "కూచో అవ్వా. పాడేది నా బిడ్డ" అంది.

ఆ అవ్వ తిరిగి చూసింది. మునిరత్న నొసలు చూసింది, మెడ చూసింది. వేదిక మీద బిడ్డను చూసింది. కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆ వెనక వరసల్లో కళ్ళు తుడుచుకోని ఆడది లేదు. ఎవరికి వాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు కదా. ముందు కుర్చీల్లో మగవాళ్ళకు ఏమీ తెలియదు, తల ఊపుతూ కూర్చున్నారు.

పాట అయింది. ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టి, ఇంకొకసారి పాడించండి అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి పాడారు.

మునిరత్న అప్పుడు నా చెవి దగ్గర, "చిన్నత్తా, మనం 'పోతివా' అనే తావులో పిల్లోళ్ళు 'బన్ని' అంటాండారు. రమ్మంటాండారు" అంది.

ఇంటికి వచ్చిన తర్వాత చెంగుముడి విప్పి కాగితం నా ముందు పెట్టింది.

"ఏం కాగితమే?"

"మేష్ట్రుకిమ్మనె అత్త."

"ఇచ్చినావా?"

"ఆయప్పకు తెలుగు రాదంట గదా."

"నాకిచ్చింటే చదివి చెప్పేదాన్ని గదే."

"అందుకే నీకియ్యలేదు."

దానికి చదువు రాదు, నువ్వు ఏమీ చెప్పలేదు, అయినా అన్నీ తెలుసు. "అత్త ఇసరతా పాడేది పొయ్యికాడ కూచోని దినామూ ఇంటాంటి. రెండు నెలలుగా నోరు మూసుకునె. ఇల్లు ఇల్లు మాదిరి లేదు" అంది.

ఇంకొక్కటి. రాత్రి అన్నం పెడుతూ పిల్లను అడిగాను, అది ఏం పాటో నీకు తెలుసా అని. అది ముద్ద నమిలి మింగి, "నాయన పాట. తెలుసు" అంది. తెలిసీ ఎందుకు తీసుకుపోయావే అన్నాను. "మేష్ట్రు ఇంట్లో ఉండే పాట తెమ్మనె. మా ఇంట్లో ఉండేది అదొగటే గదా చిన్నవ్వా."

తిట్టాలంటే ఇప్పుడు తిట్టు.

యశోద


మిట్టేమరి
20-2-1962

చెల్లెలు యశోదమ్మకు అక్క రాసేది.

మునిరత్న క్షేమంగా వచ్చింది. బస్సులో ఎండకు తల నొప్పి పట్టిందని శొంఠి గంధం వేశాను. నీ ఉత్తరం ఒక్కదాన్నే చదువుకున్నాను, తర్వాత మునిరత్నకు మొత్తం చదివాను. ఈసారి ఏమీ దాచలేదు.

మేష్ట్రుకు తెలుగు చదవడం రాదని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. అయినా తెలుగులో రాశాను. చదువు రాని కోడలి చేతికిచ్చాను. నోటిమాటగా చెప్పి పంపితే అయిపోయేది కదా? ఎందుకలా చేశానో నన్ను అడగొద్దు. ఆ రోజంతా నేను ఇంట్లో పది అడుగులు అటూ పది అడుగులు ఇటూ తిరిగాను. కాగితం అందిందని అనుకుంటే ఏడుపు వచ్చేది, అందలేదని అనుకుంటే వణుకు వచ్చేది.

ఇన్‌స్పెక్టరు చిక్కబళ్ళాపురం క్షేమంగా చేరాడా? ఎవరినైనా అడిగి తెలుసుకో. ఆ ముప్ఫై మంది పిల్లలూ బడికి వస్తున్నారా? జంగమకోటె అవ్వ మనవడు?

నిన్న అక్కయమ్మ ఇంటికి వచ్చింది. ఎవరు చేరవేశారో, ఊరికి అప్పుడే తెలిసిపోయింది. గడప దగ్గరే నిలబడి, అందరూ వినేలా, "ఏమే రామలక్ష్మీ, శోకం తీస్కపోయి ఇస్కూల్లో పాడిచ్చినారంట?" అంది. వీధిలో ఆడవాళ్ళంతా పనులు ఆపి చూస్తున్నారు. మునిరత్న లోపల నుంచి వచ్చి నా వెనక నిలబడింది. కాదని అందామనుకున్నాను. నా నోటి నుంచి వచ్చింది వేరు.

"ఔ. నా కొడుకు పాట. రెండు తూర్లు పాడిచ్చుకున్నారు" అన్నాను.

అనేసరికి కళ్ళ నిండా నీళ్ళు. రెండేళ్ళవి. గడపలోనే కూలబడి ఏడ్చాను యశోదా, వీధంతా చూస్తుండగా. అక్కయమ్మ పక్కన కూర్చుని, నేను ఆపేదాకా ఉండి లేచి పోయింది.

పిల్లకు చల్లనీళ్ళు ఇవ్వొద్దు. మిరియాలు నమిలించు. మంగళవారం, శుక్రవారం మాత్రం ఏం జరిగినా బడి మాన్పించొద్దు, ఒంట్లో బాగాలేకపోయినా సరే పంపించు. లేదు లేదు, జ్వరముంటే వద్దు. జ్వరమేమీ లేదు కదా? ఉంటే దాచకుండా రాయి.

నీ అక్క రామలక్ష్మమ్మ